"ఫ్లెక్సీలు కొట్టే కుర్రాడు" అనిపించుకున్న తమ్ముడికి

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్లు. మాది గుంటూరు. బీకాం అయ్యాక నాలుగేళ్లుగా అరండల్‌పేటలో ఒక డీటీపీ, ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేస్తున్నాను. జీతం 15 వేలు. రాత్రిళ్లు ఇంట్లో బయటి పనులు చేస్తాను. ఇన్‌స్టా పోస్టుకు 150, లోగోకు వెయ్యి ఇస్తారు. ఒక్కోదానికి పది పన్నెండు కరెక్షన్లు చెబుతారు. డబ్బులడిగితే "పది నిమిషాల పనే కదా" అంటారు. ఇద్దరైతే అసలు ఇవ్వనేలేదు. మా నాన్న ముప్ఫై ఏళ్లుగా మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. కాయ చేత్తో పట్టుకుంటే చాలు, రకమేదో, ధరెంత పలుకుతుందో చెప్పేస్తారు. మొన్న సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు నా పని గురించి అడిగి, "ఓహో, ఫ్లెక్సీలు కొట్టే కుర్రాడా" అన్నారు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నారు. ఫ్రెండ్స్ హైదరాబాద్ రమ్మంటున్నారు. ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది, మా ఓనర్ మొన్న ఒక బర్త్‌డే ఫ్లెక్సీ దానితోనే చేసేసుకున్నారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ అక్షరాలంటే పిచ్చి. షాపు బోర్డుల మీది అక్షరాలు నోట్‌బుక్‌లో దించుకునేవాడిని. ఈ లైన్‌లో ఉండొచ్చా? నన్ను "నువ్వు" అనే రాయండి.
— పేరు వేయవద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు:

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బుల లెక్క, కరెక్షన్ల విసుగు, ఏఐ టెన్షన్ అన్నీ నాకు తెలిసినవే. చదువుతూ చదువుతూ నేను ఆగిపోయింది మాత్రం "ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు" అన్న చోట. నీ ప్రశ్నలో సగం నీ పని గురించి, సగం ఆయన గురించి. రెండూ కలిపే చెబుతాను.

ముందు సూటిగా చెప్పాల్సింది చెప్పేస్తాను. బ్యాంకు ఉద్యోగం మంచిదే, దాని మీద నీకు ఇష్టం ఉంటే కోచింగ్‌కు వెళ్లు. ఎవరో ఇంటికొచ్చి ఒక మాట అన్నారని మాత్రం వెళ్లకు. షాపు ఈ ఏడాది మానొద్దు. హైదరాబాద్ ఇప్పుడే వద్దు. అలాగని ఇప్పుడున్నట్టే ఉండిపోతే ఇంకో నాలుగేళ్లకు కూడా ఇదే ఉత్తరం రాస్తావు. నువ్వు డిజైనర్ అన్న పేరుతో, చెప్పింది చెప్పినట్టు కొట్టే ఆపరేటర్ పని చేస్తున్నావు. కటువుగా అనిపిస్తే మన్నించు. నేనూ ఆరేళ్లు అలాగే గడిపాను కాబట్టి ఆ మాట అనగలుగుతున్నాను.

1990ల చివర్లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో చేరాను. పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మ్యాటర్ కొట్టడం, కరెక్షన్లు వేయడం, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీసి ప్రెస్సుకు పంపడం నా పని. చెప్పింది చెప్పినట్టు వేగంగా చేసేవాడిని, అదే గొప్ప అనుకున్నాను. ఒకసారి ఒకాయన వాళ్లమ్మగారి వర్ధంతికి చిన్న పుస్తకం వేయించుకున్నారు. నేను ఇచ్చిన ప్రూఫ్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ అట్ట మాత్రం ఫైల్‌గా పంపాం, ప్రెస్సులో ఉన్న సిస్టమ్‌లో మా ఫాంట్ వెర్షన్ లేదు. అట్ట మీద పేరులో వత్తులు ఎగిరిపోయాయి. "సుబ్బమ్మ" కాస్తా "సుబమ" అయింది. ప్లేటు చేశాక ఎవరూ మళ్లీ చూడలేదు. ఐదు వందల కాపీలు. ఆయన తిట్టలేదు. ఆ అట్ట కేసి చూస్తూ "మా అమ్మ పేరేనయ్యా ఇది" అన్నారు, అంతే. ఆ డబ్బు నా జీతంలో నెలనెలా కోశారు, దాన్ని ఎప్పుడో మర్చిపోయాను. ఆ మాట మాత్రం పాతికేళ్లైనా చెవిలో ఉంది. కీబోర్డు మీద చేతులు ఆడటం వేరు, కాగితం మీదకు వచ్చేదానికి పూచీ పడటం వేరని ఆ రోజు తెలిసింది.

ఇక "పది నిమిషాల పనే కదా" అన్న మాట. దీనికి జవాబు మన ఊళ్లోనే ఉంది. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు గాంధీజీ పింగళి వెంకయ్య గారిని జెండా నమూనా ఒకటి చేసిమ్మని అడిగారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండాలన్నారు. వెంకయ్య గారు మూడు గంటల్లో చేసిచ్చారు. ఈ సంగతి గాంధీజీయే తరువాత తన పత్రికలో రాశారు. మూడు గంటలే! కానీ ఆయన 1916లోనే జాతీయ జెండా ఎలా ఉండవచ్చో ముప్ఫై దాకా నమూనాలు గీసి, చిన్న పుస్తకంగా అచ్చు వేయించి ఉన్నారు. ఏళ్ల తరబడి అదే ఆలోచన మీద ఉన్న మనిషి కాబట్టి మూడు గంటలు సరిపోయాయి. నువ్వు పది నిమిషాల్లో చేసే పని వెనక నీ నాలుగేళ్లున్నాయి. గంటల లెక్కన డబ్బు తీసుకుంటే పని ఎంత బాగా వస్తే నీకు అంత తక్కువ వస్తుంది. అందుకే పనికి ధర చెప్పు, టైముకు చెప్పకు.

అదే కథలో కరెక్షన్ కూడా ఉంది చూడు. జెండా చేతికి వచ్చాక గాంధీజీ మళ్లీ ఆలోచించుకుని, మిగతా మతాల వారికి గుర్తుగా తెలుపు కూడా ఉండాలన్నారు. అది కారణం ఉన్న కరెక్షన్. అలాంటివి వంద వచ్చినా చెయ్యి, పని బాగుపడుతుంది. "ఇంకొంచెం పాప్ అవ్వాలి", "ఏదో తక్కువైంది" అనేవి కరెక్షన్లు కావు. మొదట్లోనే అడగాల్సింది అడగకపోవడం వల్ల వచ్చే తిప్పలు అవి. ఇందులో తప్పు క్లయింట్‌ది ఎంతో మనదీ అంతే. ఫైల్ ఓపెన్ చేసే ముందు ఐదు ప్రశ్నలు వేస్తే పన్నెండు కరెక్షన్లు మూడుకు దిగుతాయి. నేను వందసార్లు చూశాను.

ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో చెబితే గానీ అర్థం కాదు, నీ ఊరి సరుకుతోనే చెబుతాను. ఒకాయన వచ్చి కారం ప్యాకెట్‌కు డిజైన్ కావాలన్నాడు అనుకో. ఆపరేటర్ వెంటనే ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ వేసి, నెట్‌లోంచి మిరపకాయ బొమ్మ తెచ్చి, పైన పేరు పెద్దగా కొడతాడు. డిజైనర్ ముందు అడుగుతాడు. ఈ ప్యాకెట్ కిరాణా కొట్లో దండలా వేలాడుతుందా, సూపర్ మార్కెట్ ర్యాకులో నిలబడుతుందా? వేలాడేదైతే పై అంచు మడతలో పోతుంది, పేరు కిందకు దించాలి. వంద గ్రాములా, అర కిలోనా? పక్కన ఉండే మిగతా కారం ప్యాకెట్లు ఏ రంగులో ఉన్నాయి? అన్నీ ఎరుపే అయితే ఎర్ర గోడ మీద ఎర్ర ప్యాకెట్ ఎవరికి కనిపిస్తుంది? పౌచ్ ఎక్కడ అచ్చు వేయిస్తున్నారు? ప్లాస్టిక్ ఫిల్మ్ మీద గ్రేవ్యూర్ పద్ధతిలో వేస్తే ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కించాలి. పారదర్శక ఫిల్మ్ మీద తెలుపు కూడా ఒక రంగే, దానికీ ఒక సిలిండర్. ఎనిమిది రంగుల డిజైన్‌ను ఐదుకు తెచ్చావంటే ఆ వ్యాపారికి మూడు సిలిండర్ల ఖర్చు తగ్గించినట్టు. ఇది చెప్పిన మరుక్షణం నువ్వు ఆయన కళ్లకు వేరే మనిషిగా కనిపిస్తావు.

ఇంకా ఉంది. ప్యాకెట్ వెనక ఏముండాలో చట్టం చెబుతుంది. 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు ఉండాలి. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చదరం, లోపల ఆకుపచ్చ చుక్క ఉండాలి. వీటికి మొదటే చోటు వదలకపోతే చివర్లో ఎక్కడో ఇరికించాల్సి వస్తుంది. బార్‌కోడ్ సంగతి ఇంకా ముఖ్యం. బిల్లింగ్ కౌంటర్లలో వాడే లేజర్ స్కానర్ ఎర్రటి కాంతితో చదువుతుంది. ఆ కాంతికి ఎరుపు, తెలుపు ఒకేలా కనిపిస్తాయి. ప్యాకెట్ రంగుకు మ్యాచ్ అవుతుందని గీతలను ఎరుపులో వేశావంటే స్కానర్‌కు ఖాళీ కాగితం కనిపించినట్టే. నల్ల గీతలే వేయాలి, మెరిసే ఫిల్మ్ నేరుగా కాకుండా వాటి వెనక తెల్లటి చోటు ఉండేలా చూడాలి. ఇవన్నీ తెలిసినవాడు వెయ్యి రూపాయలకు పని చేయాల్సిన అవసరం లేదు. గుంటూరు చుట్టుపక్కల కారం మిల్లులు, పచ్చళ్ల వ్యాపారాలు, విత్తనాల కంపెనీలు, కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నాయో నాకంటే నీకే బాగా తెలుసు.

అందుకే షాపు మానొద్దన్నాను. నాలుగేళ్లుగా నువ్వు మానిటర్ ముందే కూర్చుని ఉంటావు. ఇక నుంచి వారానికి రెండుసార్లైనా వెనక మెషిన్ దగ్గరకు వెళ్లి నిలబడు. స్క్రీన్ మీద మండిపోయే ఎరుపు అచ్చులో ఎందుకు చల్లబడుతుందో అక్కడ కనిపిస్తుంది. తెర కాంతితో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చులో చిన్న అక్షరాలను నాలుగు రంగులూ కలిపిన నలుపులో వేస్తే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అంచులు మసకబారతాయి, అందుకే ఉత్త నలుపులో వేయాలి. కటింగ్ కోసం చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వదలాలి. ఇవి నీకు వినికిడిగా తెలిసే ఉంటాయి. తప్పు జరిగిన షీటు చేతిలో పట్టుకుని చూస్తే మాత్రం ఇక మర్చిపోవు. కాలేజీలో లక్షలు పోసి చదివిన పిల్లలకు కూడా మెషిన్ పక్కన నిలబడే అవకాశం అంత తేలిగ్గా దొరకదు. నీకు జీతమిచ్చి మరీ దొరుకుతోంది.

ఇప్పుడు నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయానికి వస్తాను. అక్షరాలంటే పిచ్చి అన్నావు. ఆ మాటను నువ్వు ఉత్తరం చివర్లో, ఏదో బలహీనత ఒప్పుకుంటున్నట్టు రాశావు. నీ జీవనాధారం అదే అవుతుందని నా నమ్మకం.

తెలుగు అక్షరంతో మంచి పని చేసేవాళ్లు చాలా తక్కువ. ముంబై ఏజెన్సీ నుంచి వచ్చే హోర్డింగులు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి చూడు. ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంటుంది. కింద తెలుగు అనువాదం దాని నీడలో ఏదో ఒక ఫాంట్‌లో పడి ఉంటుంది. లైన్ల మధ్య ఖాళీని ఇంగ్లీషుకు సరిపోయినంతే ఇస్తారు. ఇంగ్లీషుకు వత్తులు లేవు. మనకు "రాష్ట్రం" అని రాస్తే ఒక అక్షరం కింద రెండు వత్తులు దిగుతాయి. "స్త్రీ" అన్నప్పుడు పైన గుడి దీర్ఘం, కింద వత్తులు. పై లైను వత్తులు కింది లైను దీర్ఘాలకు తగిలి అంతా ముద్దైపోతుంది. తెలుగు లైనుకు కిందా పైనా గాలి కావాలి. ఇది మనకు కంటితో తెలుస్తుంది, వాళ్లకు చెబితే గానీ తెలియదు.

నువ్వు షాపులో అను ఫాంట్స్‌తో పని చేస్తుంటావనుకుంటాను, మన దగ్గర డీటీపీ అంతా వాటితోనే నడిచింది. అచ్చుకు అవి బాగానే ఉంటాయి. కానీ అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్, ఫోన్ అయినా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఆ మ్యాటర్‌ను తీసుకెళ్లి వెబ్‌సైట్‌లో పెడితే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకదు. యూనికోడ్‌లో టైప్ చేయడం ఈ నెలలోనే నేర్చుకో. రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, గిడుగు, ఎన్టీఆర్, అనెక్ తెలుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. నీ ఊరి పేరుతోనే హింద్ గుంటూరు అని ఒకటుంది, ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లు చేశారు. పాత ఫోటోషాప్ వెర్షన్‌లో తెలుగు వత్తులు విడిపోయి కనిపిస్తే సాఫ్ట్‌వేర్ పాడైందనుకోకు. టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకుంటే సరిగ్గా కూర్చుంటాయి. దొంగ సాఫ్ట్‌వేర్ మీద కెరీర్ కట్టుకోవడం నాకు ఇష్టం లేదు. డబ్బుల్లేకపోతే ఇంక్‌స్కేప్ ఉచితం, అందులో తెలుగు చక్కగా వస్తుంది. లోగోలు, ప్యాకెట్లు, అక్షర రచన అన్నీ చేసుకోవచ్చు.

ఫాంట్లు ఎంచుకోవడంతో ఆగకు. చేత్తో గీయి. బాపు గారి చేతిరాతే ఫాంట్‌గా మారి ఇవాళ ప్రతి శుభలేఖ మీదా కనిపిస్తోంది. బొమ్మలకు ఎంత పేరో ఆయన అక్షరానికీ అంతే పేరు. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వచ్చేయి. ముందు ఆటోనగర్‌కు వెళ్లు. లారీల బాడీలు కట్టే షెడ్ల దగ్గర పెయింటర్లు తలుపుల మీద, వెనక చెక్కల మీద పేర్లు రాస్తుంటారు. తలకట్టును ఎక్కడ మొదలుపెడతారో, కుంచెను ఎక్కడ తిప్పితే గీత లావుగా వస్తుందో, ఎక్కడ సన్నబడుతుందో దగ్గర నిలబడి చూడు. అడిగితే కాదనరు, పని చూసేవాళ్లంటే వాళ్లకు ఇష్టం. అక్కడి నుంచి వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ తిరుగు. పాత కొట్ల మీద చేత్తో రాసిన బోర్డులు ఇంకా కొన్ని మిగిలాయి. ఫోటోలు తీసుకో. ఇంటికెళ్లాక చిన్నప్పుడు చేసినట్టే నోట్‌బుక్‌లో దించు. అయితే ఈసారి ఎందుకలా ఉందో పక్కన రాసుకో. ఏడాదిలో "అ" నుంచి "ఱ" దాకా నీ చేతిలోంచి ఒక అక్షరమాల వస్తే, దానితో ఒక కారం ప్యాకెట్, ఒక పుస్తకం అట్ట, ఒక హోటల్ బోర్డు చేసి చూపించగలిగితే, నీ పోర్ట్‌ఫోలియోకు (నీ పనులు చూపించే నమూనాల పుస్తకానికి) అది చాలు. ఆరేడు పనులు పెట్టు, అంతకంటే వద్దు. ప్రతి పనికీ సమస్య ఏమిటి, మొదటి స్కెచ్ ఏది, అచ్చయ్యాక కొట్లో ఎలా కనిపించింది అన్న మూడూ ఉండాలి. ఇప్పటిదాకా చేసిన రెండు వేల ఫ్లెక్సీలూ అందులో పెట్టకు.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను, ఇక్కడ పెద్ద రహస్యాలేమీ లేవు. నెలకు 26 రోజులు, రోజుకు తొమ్మిది గంటల లెక్కన షాపులో నీకు గంటకు సుమారు 64 రూపాయలు పడుతోంది. 150 రూపాయల పోస్టుకు కరెక్షన్లతో కలిపి మూడు గంటలు పట్టిందంటే ఇంట్లో గంటకు 50. అంటే నిద్ర మానుకుని, నీ కరెంటు కాల్చి, షాపు కంటే తక్కువకు పని చేస్తున్నావు. ఆ 150 పనులు ఈ నెలతో ఆపెయ్యి. ఆ గంటలు అక్షరాలకు పెట్టు. రోజూ పోస్టులు కావాల్సిన వాళ్లలో మర్యాదగా మాట్లాడే ఇద్దరిని ఉంచుకుని నెల లెక్కన మాట్లాడుకో. ఎన్ని పోస్టులు, ఒక్కోదానికి ఎన్ని కరెక్షన్లు (రెండు చాలు), ఎప్పటికి డబ్బు ఇస్తారు అన్నది వాట్సాప్‌లో రాసి "సరే" అనిపించుకో. మన ఊళ్లో స్టాంపు పేపరు అంటే జనం భయపడతారు గానీ వాట్సాప్ మెసేజ్‌కు ఎవరూ భయపడరు. సగం అడ్వాన్స్ రాకుండా ఫైల్ ఓపెన్ చేయకు. మిగతా సగం రాకుండా ఒరిజినల్ ఫైల్ ఇవ్వకు, చూపించడానికి చిన్న జేపీజీ చాలు. అడ్వాన్స్ అడిగితే వెళ్లిపోయేవాళ్లు చివర్లో కూడా ఇవ్వరు. నాకు కూడా ఒక సంస్థ ఏడాది పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టింది. ఆ రోజు నేను పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు, తరువాత వచ్చిన మంచి క్లయింట్లను కూడా రెండేళ్లు అనుమానంగానే చూశాను. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం నీలాంటి చిన్న సంస్థకు ఒప్పుకున్న తేదీకి డబ్బు ఇవ్వాలి, ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. కోర్టు చుట్టూ తిరగమని నేను అనడం లేదు. నీ ఇన్వాయిస్ కింద ఉద్యమ్ నంబరు, ఈ చట్టం గురించి ఒక్క లైను ఉంటే పెద్ద సంస్థల అకౌంట్స్ వాళ్లు నీ బిల్లును పక్కన పడేయరు. సేవలకు జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటితేనే కాబట్టి దాని గురించి ఇప్పుడు ఆలోచించకు.

ఇంకొక చిన్న విషయం, చాలామంది పట్టించుకోరు. షాపులో ఉద్యోగంగా చేసిన డిజైన్లకు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిదే. నీ పోర్ట్‌ఫోలియోలో పెట్టే ముందు ఓనర్‌ను ఒక మాట అడుగు. బయటి పనుల్లో హక్కులు ఇచ్చేటప్పుడు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎంత కాలానికో రాయకపోతే చట్టం ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. లోగో చేసిచ్చేటప్పుడు ఈ రెండూ రాసి ఇస్తే క్లయింట్‌కే మంచిది. ఆ మాట చెప్పు, సంతోషిస్తారు.

ఏఐ గురించి. మీ ఓనర్ చేసుకున్న బర్త్‌డే ఫ్లెక్సీ ఇక నీ దగ్గరకు రాదు. ఆ పని పోయిందనే అనుకో. ఇవాళ ఆ బొమ్మల్లో తెలుగు వత్తులు తప్పుగా వస్తున్నాయని కొందరు ధైర్యం చెప్పుకుంటున్నారు, అది ఎన్నాళ్లో ఉండే ధైర్యం కాదు. యంత్రం నేర్చుకుంటుంది. నువ్వు కూడా దాన్ని వాడటం నేర్చుకో, మొదటి ఆలోచనలు పది చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ మిల్లు యజమాని దగ్గర కూర్చుని ఆయన చెప్పలేకపోతున్నది ఏమిటో పట్టుకునేది, సిలిండర్ చెక్కే ముందు ప్రూఫ్ మీద సంతకం పెట్టేది, తప్పొస్తే నాదని నిలబడేది మనిషే. వర్ధంతి పుస్తకం నాటి నుంచీ నేను నమ్మింది ఇదే.

చదువు గురించి నువ్వు అడగలేదు గానీ, తెలిసి ఉంటే మంచిది. డిగ్రీ ఉంది కాబట్టి ఐఐటీల్లో ఎం.డెస్‌కు (డిజైన్‌లో పీజీ) సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు, దానికి వయసు పరిమితి లేదు. మామూలుగా జనవరిలో ఉంటుంది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. నీ ఊరి పక్కనే నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో 2015లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ మొదలైంది, అక్కడి బి.డెస్ ఇంటర్ అయిన పిల్లల కోసం కాబట్టి అది నీకు కుదరదు. హైదరాబాద్ వెళ్లాలనిపిస్తే ఏడాది తరువాత ఆ ఆరేడు పనులు చేతిలో పట్టుకుని వెళ్లు. ఇప్పుడు వెళ్తే అమీర్‌పేటలో హాస్టల్ బెడ్ మీద కూర్చుని ఇవే 150 రూపాయల పోస్టులు చేస్తావు.

ఇక మీ నాన్నగారు. సంబంధం వాళ్ల మాటకు ఆయన అన్నం మానేశారంటే నీ పని మీద చులకన ఉందని నువ్వు అనుకుంటున్నావేమో. నాకు అలా అనిపించలేదు. కొడుకు ఏం చేస్తాడో వాళ్లకు వివరించి చెప్పడానికి ఆయన దగ్గర మాటలు లేకపోయాయి. నాలుగేళ్లలో నువ్వు ఆయనకు నీ పని ఒక్కసారైనా చూపించావా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.

యార్డులో రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించగానే ఏం జరుగుతుందో నీకు తెలుసు. కాయ తీసి విరుస్తారు, తేమ చూస్తారు, రంగు చూస్తారు, తాలు (రంగు పోయిన కాయ) ఎంత ఉందో చూస్తారు. అంతా కలిపి ఒక్క నిమిషం. ఆ నిమిషం చూపు మీద లక్షల సరుకు చేతులు మారుతుంది. మీ నాన్నను ఎవరూ "ఒక్క నిమిషం పనే కదా" అనరు. ఆయనకు నీ పని అర్థం కాదని నువ్వు అనుకోవద్దు. చూసి చెప్పే పనికి ఎంత విలువో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి ఇలా చెయ్యి. మొదటి కారం ప్యాకెట్‌ను సొంతంగా, క్లయింట్ లేకుండానే డిజైన్ చెయ్యి. దాని మీద మిరపకాయ బొమ్మ నెట్‌లోంచి తీసుకోవద్దు. నెట్‌లో దొరికే ఫోటోల్లో కాయ ఎక్కడిదో మనకు తెలియదు. గుంటూరు కారం అని పైన రాసి, కింద ముడతలు పడ్డ బ్యాడిగి రకం కాయ వేసిన ప్యాకెట్లు నేనే చూశాను. బ్యాడిగికి రంగెక్కువ, కారం తక్కువ. మన తేజ రకం సన్నగా ఉంటుంది, ఘాటెక్కువ. యార్డుకు వెళ్లి నాన్నను అడిగి నాలుగు మంచి కాయలు తెచ్చుకో. కిటికీ వెలుతురులో పెట్టి నువ్వే ఫోటో తియ్యి లేదా చేత్తో గీయి. ప్యాకెట్ ప్రింట్ తీసి, మడిచి, ఆయన చేతిలో పెట్టు. "నాన్నా, రంగు సరిగ్గా వచ్చిందా? ఈ కాయ చూసి కొనేవాడు ఏ రకం అనుకుంటాడు?" అని అడుగు. ఆయన చెప్పే కరెక్షన్లు రాసుకో, ఎన్నైనా చెయ్యి.

ఆ ప్యాకెట్ ఫోటో నాకు పంపించు.